పత్తి విత్తనము మారినది, మెలకువయు మారవలెను



ఏన్కూరు, జూలూరుపాడు మొదలు భద్రాచలము అడవి అంచువఱకు గల పత్తి చేలకు పూర్వము రైతులు తమ పంటలోని గింజనే తీసి, పేడలో రుద్ది, ఎండబెట్టి, మఱుసటి యేట విత్తుచుండిరి. సంకర విత్తనము వచ్చి ఆ వాడుక తగ్గెను, 2002లో బి.టి. విత్తనమునకు అనుమతి లభించిన పిదప దాదాపు అంతరించెను. సంకరపు పంటలోని గింజ మరల ఒకే తీరున పండదు గనుక, ఏటేట కొనవలసినదే.

క్రొత్త గింజవలన మేలు లేకపోలేదు. శనగపచ్చ పురుగు తగ్గి, దానికై కొట్టు మందుల ఖర్చు తగ్గెను. 2006లో రెండు జన్యువుల విత్తనము వచ్చి మొదటిదానిని త్రోసివేసెను. కాని 2015 నాటికి గుజరాతులో గులాబిరంగు పురుగు దానికిని లొంగదయ్యెను. పిదప ఆ బెడద తెలంగాణమునకును ప్రాకెను.

ఒకే విషమును ఏండ్ల తరబడి తినగా, దానికి తట్టుకొన్న పురుగులే మిగిలి పెరిగినవి. లొంగెడు పురుగులు కొన్ని బ్రదికి వానితో జతకూడుటకై, చేని చుట్టు విత్తుమని బి.టి. కాని గింజను 120 గ్రాముల పొట్లముగా విడిగా ఇచ్చిరి. పలువురు దానిని విత్తకయే విడిచిరి.

కావున విత్తిన 45 దినములకు ఎకరమునకు 4 లింగాకర్షక బుట్టలు కట్టవలెను. బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు వరుసగా 3 రాత్రులు పడినను, నూటికి 10 గుడ్డిపూలు కనబడినను మందు కొట్టవలెను. గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను. డిసెంబరు దాటి పంటను సాగదీయరాదు. కట్టెను గట్టున కుప్పవేయరాదు. పురుగునకు సరిహద్దు రాళ్లు లేవు. ఊరంతయు కలిసి చేసిననే ఫలము.