పిలాటీస్ వ్యాయామం: తొలి అడుగు

వ్యాయామమనగానే మనకు దండీలు, బస్కీలు, తాలింఖానాలోని గదలు జ్ఞప్తికి వస్తవి. ఎంత చెమట పట్టితే అంత ఫలితమన్న నమ్మకం మనలో బలంగా నాటుకొని ఉన్నది. ఆ నమ్మకాన్ని కొంత సడలించుకొన్నగాని పట్టుబడని వ్యాయామ పద్ధతి ఒకటున్నది. దానిపేరే పిలాటీస్.

ఇది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీ దేశంలో జన్మించాడు. బాల్యంలో ఉబ్బసం మొదలైన వ్యాధులతో కృశించిన ఆ బాలుడు, పెరిగి తన దేహాన్ని తానే తీర్చిదిద్దుకొన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేనాటికి ఇంగ్లండులో ఉండినందున, శత్రుదేశీయుడని ఆయనను నిర్బంధించి, మాన్ ద్వీపంలోని శిబిరానికి పంపారు. ఆ ముళ్ళకంచెల నడుమనే ఆయన వ్యాయామ సాధన కొనసాగింది. 1926లో న్యూయార్కు చేరి, సహచరి క్లారాతో కలిసి వ్యాయామశాల నెలకొల్పాడు. నాట్యకళాకారులెందరో అక్కడికి వచ్చేవారు. ఆయన తన పద్ధతికి పెట్టుకొన్న పేరు కంట్రాలజీ. అనగా దేహాన్ని మనస్సు అదుపులో నడిపించే విద్య. 1945లో ప్రకటించిన గ్రంథంలో నేలపై చేయదగిన 34 అభ్యాసాలను వివరించాడు. 1967లో కన్నుమూశాడు.

మన యోగాసనాలకూ దీనికీ భేదమేమని కొందరడుగవచ్చును. ఆసనంలో ఒక భంగిమను నిలుపుతాము. ఇందులో కదలిక ఒకదానినుండి మరొకదానికి తెగకుండా సాగుతుంది. ఆ కదలికకంతకూ ఆధారం ఉదరకండరాలు, నడుము, కటిభాగం. చేయి లేచినా, కాలు లేచినా, ఆ మధ్యభాగం స్థిరంగా ఉండవలెను.

వ్యాయామశాలలలో స్ప్రింగులతో కూడిన రిఫార్మరు అనే యంత్రం కనబడుతుంది. తొలి అభ్యాసానికి అది అక్కరలేదు. మందపాటి జంబుఖానా, ఇరవై నిమిషాల తీరిక, భోజనం అరిగిన కడుపు చాలును.

మొదట వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించవలెను. ముక్కుతో గాలి పీల్చునప్పుడు పక్కటెముకలు ఇరుప్రక్కలకు విచ్చుకోవలెను. వదలునప్పుడు పొత్తికడుపును మెల్లగా లోనికి తీసుకోవలెను. ఊపిరి బిగపట్టరాదు. ఇది కుదిరిన పిమ్మట, ఊపిరి వదలుతూ ఒక పాదాన్ని నేలనుండి ఎత్తి, పీలుస్తూ దించవలెను; తరువాత రెండవది. నడుము ఇటు అటు ఒరుగరాదు. చూచుటకు సులువు, చేసిననాడు తెలుస్తుంది.

మూడవది వంతెన. కటిభాగం మొదలుకొని వెన్నుపూసలను ఒక్కొక్కటిగా నేలనుండి లేపి, భుజాల ఆనికతో క్షణం నిలిచి, అదే క్రమంలో పైనుండి దించవలెను. ఐదారు పర్యాయములు చాలును.

నాల్గవది ఆ గ్రంథంలోని మొదటి అభ్యాసమైన 'నూరు'. చేతులు ప్రక్కల చాచి, కొద్దిగా పైకి కిందికి ఆడిస్తూ, ఐదు లెక్కలు పీల్చి, ఐదు లెక్కలు వదలుతూ నూరు పూర్తిచేయుట. క్రొత్తవారు మోకాళ్ళు మడిచి, తల నేలమీదనే ఉంచి, ముప్పై నలభైతో ఆపవలెను.

ఇక్కడనే చాలమంది పొరబడతారు. త్వరగా ఇరవైసార్లు చేసినవారిలో పనిచేసినది కండరం కాదు, ఊపు. నెమ్మదిగా నాలుగుసార్లు చేసినవారికే ఫలం దక్కుతుంది. వారానికి నాలుగు దినముల చొప్పున మూడు నెలలు విడువక చేయుమని పిలాటీస్ తానే కోరాడు.

కండరం అలయుట వేరు, కీలు నొచ్చుట వేరు. పోటు కలిగిన వెంటనే ఆపవలెను. ఎముకలు గుల్లబారినవారు వెన్ను ముందుకు వంచే అభ్యాసాలకు దూరంగా ఉండవలెను. గర్భవతులు, వెన్నుపూసల మధ్య డిస్కు జారినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడుగక ఆరంభింపరాదు. వీలైనవారు తొలి పాఠాలు కొన్నయినా శిక్షకుని కనుసన్నలలో నేర్చుట మేలు.

పీటమీద కూర్చొని భుజించిన పెద్దలకు నేలనుండి లేచుట ఒక పని కాదు. కుర్చీలకు, సోఫాలకు అలవడిన మనలో నలుబది దాటినవారెందరో చేతి ఊత లేక లేవలేరు. మూడు నెలల పిమ్మట అద్దంలో రూపాన్ని కాదు, ఆ లేచే తీరును పరీక్షించుకొనండి.