ఆయమ్మ పేరు

కార్యదర్శిగారు ఐదు నిమిషాలే ఇచ్చారు.

1986లో మా అమ్మ తార్నాకలో ఇంట్లోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. గాంధీ ఆసుపత్రిలో ఆపరేషన్. అప్పట్లో అది సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరుండేది. ముషీరాబాద్‌కు మారింది 2003లో. నా ఫైళ్లు పక్క సీటు మిత్రుడు చూసేవాడు. అతనికి నా పదవీ విరమణ సభలో అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకున్నాను. డాక్టరుగారికీ చెప్పాను.

వార్డులో అమ్మకు బెడ్‌పాన్ పెట్టి, తల దువ్వి జడ వేసిన ఆయమ్మకు పది రూపాయలివ్వబోతే పుచ్చుకోలేదు. "మా అమ్మకైతే చెయ్యనా సారూ?" అంది.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే అమ్మను ఆటోలో యూనివర్సిటీకి తీసుకెళ్లి, చెట్ల నీడన వాకర్‌తో నడిపించేవాణ్ణి. ఆర్ట్స్ కాలేజీ కట్టడం 1939 నాటిదని మనకు తెలుసు, ఆమెకు మాత్రం ఆ మెట్లు కూర్చోవడానికి బాగున్నాయి, అంతే. ఒకరోజు అక్కడ కూర్చుని, "ఆ పిల్ల పేరేమిట్రా?" అంది.

మూడు వారాలు చూసిన మనిషి. పేరడగలేదు. మర్నాడే వెళ్లాను, వేరే వార్డుకు మారిందన్నారు. ఏ వార్డో వెతకలేదు, ఆఫీసుకు టైమైపోతోందని.

ఈ సభలో ఆ ఆసుపత్రిలో పనిచేసినవారున్నారు. ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టున్న ఆయమ్మ గుర్తుంటే, టీ తాగేటప్పుడు నాకు చెప్పండి.