పండుగ మామూలు
(సంఘ వార్షికోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఆశ్వయుజమాసము ప్రవేశించినంతనే ప్రతి గృహమునందును ఒక చిన్న చర్చ బయలుదేరును. ఇల్లు తుడిచి అంట్లు తోము స్త్రీకి ఈ యేడు ఎంత ఈయవలెను? చౌకీదారునకెంత? మెట్లు కడుగువానికెంత? ఇస్త్రీ బల్లకడ నిలుచు దంపతులకెంత? గృహిణి ఒక అంకె చెప్పును. గృహస్థుడు దానిని తగ్గించును. పొరుగింటివారేమిచ్చుచున్నారో కనుగొని రమ్మని పిల్లవానిని పంపుదురు. తుదకు ఒక నోటు, ఒక మిఠాయిపెట్టె, ఒక పాతచీర కలిపి ఆ యేటి లెక్క తీర్చివేయుదురు. పండుగ బట్టలకు వేలకొలది రూపాయలు వెనుదీయక వ్యయపరచు కుటుంబములు సైతము ఈ కొద్దిపాటి సొమ్ముకడ ఇంత తడబడుటకు లోభమొక్కటియే కారణము కాదు. ఇచ్చునది జీతమా, దానమా, బహుమానమా అన్నది తేలకపోవుటయే ముఖ్యకారణము. ఆ సంగతి తేలినచో ఎంత, ఎప్పుడు, ఎట్లు అను ప్రశ్నలకు సమాధానము దొరకుట కష్టము కాదు.

తెలుగునాట ఈ ఈవికి పెక్కు పేర్లు కలవు. బక్షీసు అనునది పారసీక పదము. ఇచ్చువాని ఔదార్యమును అది చెప్పును. ఇనాము అరబ్బీనుండి వచ్చిన మాట; మెచ్చి యిచ్చినదని దాని భావము. మామూలు అను మాటయు అరబ్బీనుండి వచ్చినదే. అలవాటుగా జరుగుచున్నదని దానికి అర్థము. లంచమునకు సైతము ఆ పేరు అంటుకొనుట ఆ మాట చేసికొన్న దురదృష్టము. బక్షీసు, ఇనాములయందు ఇచ్చువాని ఇష్టమే ప్రధానము. ఇచ్చిన ఈయవచ్చును, మానిన మానవచ్చును. మామూలు అట్టిది కాదు. ఏటేట జరుగునది కావున పుచ్చుకొనువారు దానిని తమ లెక్కలలో చేర్చుకొందురు. ఆ సొమ్మును నమ్మి పిల్లవాని బడిజీతమును, ఊరికి పోవు రైలు ఛార్జీని, తీర్పవలసిన చేబదులును ముందుగనే నిశ్చయించుకొందురు. అట్టి సొమ్మును చివరిక్షణమున తగ్గించుట ఔదార్యలోపము మాత్రమే కాదు; అది మాట తప్పుటయే.

ఈ భావము తెలుగువారికి క్రొత్తది కాదు. పూర్వము గ్రామములయందు చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి మున్నగు వృత్తులవారికి పంట నూర్చిన కళ్ళమునందే మేర కొలిచి యిచ్చెడివారు. ఏడాది పొడవున చేసిన పనికి అది ముట్టవలసిన భాగము. ఆ పద్ధతి కులమును బట్టి మనుష్యుని బంధించినది. కొలతలో మోసములును, మాటలో అవమానములును దానియందు లేకపోలేదు. దానిని మరల తేవలెనని వివేకవంతులెవ్వరును కోరరు. అయినను అందొక గుణముండెను: ధాన్యము ఇంటికి చేరకమునుపే పనివాని భాగము వేరుపడెడిది. అట్లే దసరా దినములలో బడిపంతులు శిష్యులను వెంటబెట్టుకొని ఇంటింటికి వచ్చినప్పుడు ఆయన చేతికిచ్చిన రూపాయలను ఎవ్వరును భిక్షమనలేదు. జీతము చాలని గురువునకు ఊరు తీర్చుకొను బాకీగనే దానిని భావించిరి. నేడు పట్టణమున వంటయింటిలో పనిచేయు స్త్రీకి ఈ గౌరవమే కావలసియున్నది.

కేంద్రప్రభుత్వ ఉద్యోగుల కుటుంబములకు ఈ విషయము సులభముగ బోధపడవలెను. గ్రూపు సి ఉద్యోగులకును, గెజిటెడ్ కాని గ్రూపు బి ఉద్యోగులకును పండుగల ముందు 30 దినముల ఆడ్‌హాక్ బోనసు ప్రకటించుట వాడుక. నెలకు 7,000 రూపాయల పరిమితిపై లెక్కించుటచే అది 6,908 రూపాయలగుచున్నది. రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనసు కొన్ని సంవత్సరములుగా 78 దినములకు వచ్చుచున్నది. ఆ ఉత్తర్వు పండుగకు ముందు వెలువడనియెడల కార్యాలయములలో కలుగు కలవరము అందరెరిగినదే. దానిని ఏ ఉద్యోగియు ప్రభుత్వమిచ్చు భిక్షగా తలపడు. 1965లో వచ్చిన బోనసు చెల్లింపు చట్టము తరువాతి సవరణలతో కర్మాగారముల పనివారికి కనీస బోనసును ఏటి వేతనములో 8.33 శాతముగా, అనగా పండ్రెండవ వంతుగా నిర్ణయించెను. పండ్రెండవ వంతనగా సరిగా ఒక నెల జీతము. ఇంటి పనివారికి ఏడాదికొక నెల జీతము పండుగ మామూలుగా ఈయవలెనను లోకాచారమునకును ఈ లెక్కయే సరిపోవుచున్నది.

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. ఢిల్లీ రామకృష్ణపురము వంటి సర్కారు క్వార్టర్ల పేటలో ఒక స్త్రీ నాలుగు ఇండ్లలో పనిచేయుచున్నదనుకొనుడు. ఇంటికి రెండువేల చొప్పున నెలకు ఆమెకు ఎనిమిదివేలు వచ్చును. నాలుగిండ్లవారును తలకొక నెల జీతము మామూలిచ్చినచో పండుగకు ఆమె చేతిలో మరియొక ఎనిమిదివేలు పడును. ఇద్దరు పూర్తిగా ఇచ్చి, ఒకరు అయిదువందలతోను, మరొకరు మిఠాయిపెట్టెతోను సరిపెట్టిరనుకొనుడు. అప్పుడామెకు దక్కునది నాలుగువేల అయిదువందలే. లోటు పెట్టిన ఇంటివారికి తమ భాగము మాత్రమే కనబడును. మొత్తము లోటును మోయునది ఆమె. అరకొరగా ఇచ్చు ప్రతి కుటుంబమును తక్కినవారెవరో ఇచ్చెదరులే అనుకొనుట సహజము. ఆ తక్కినవారును అట్లే అనుకొందురు.

ఎంత అను ప్రశ్న తరువాత ఎప్పుడు అను ప్రశ్న వచ్చును. బదిలీలపై దేశము తిరుగు ఉద్యోగులు ఇందు ప్రత్యేకముగ మెలకువ వహింపవలెను. కలకత్తాలో దుర్గాపూజకు ముందు పూజా బోనసు ఇచ్చు ఆచారము గట్టిది. బొంబాయిలో దీపావళికి ఇచ్చుదానిని మరాఠీవారు పోస్త్ అందురు. ఢిల్లీలో దీపావళియే ముఖ్యము. హోలీకిని కొంత ఆశింతురు. తెలుగుదేశమున దసరాయు సంక్రాంతియు కాలములు. సంక్రాంతికి ఇచ్చెదమని మనసులో నుంచుకొని దీపావళినాడు ఊరకుండు తెలుగు గృహిణిని ఉత్తరదేశపు పనిమనిషి లోభిగా తలచుట వింత కాదు. ఇందు తప్పు ఎవ్వరిదియు కాదు, ఆచారములు వేరు. కావున ఇచ్చువాని పండుగకంటె పుచ్చుకొనువారి పండుగను చూచుట మేలు. బీహారునుండి వచ్చిన కుటుంబమునకు దీపావళి తరువాత ఆరవనాటి ఛఠ్ పండుగ ముఖ్యము. దానికి ఊరు చేరుటకు రైలు ఛార్జీ ముందుగనే కావలెను. ఝార్ఖండునుండి వచ్చిన క్రైస్తవ యువతికి క్రిస్మసు, ముస్లిము సోదరునకు ఈదు. పనిలో చేరిన నాడే ఆమె పండుగ ఏదో అడిగి తెలిసికొని, మామూలు ఎంతయో, ఎప్పుడో చెప్పివేసినచో ఏడాదియంతయు ఇరువురకును నిశ్చింత.

ఇక ఎట్లు ఈయవలెనను విషయము. సొమ్మును సొమ్ముగనే ఈయవలెను. పాతబట్టలు, చెడిపోవు పదార్థములు, ఎవరో తెచ్చియిచ్చిన మిఠాయిపెట్టెలు మామూలునకు బదులు కాజాలవు. కావలసినచో అవి వేరుగ, ఆమె ఇష్టమడిగి ఈయవచ్చును. క్రొత్తచీర పెట్టుట అందమైన ఆచారమే. కాని అద్దె కట్టవలసిన వారమున చీరకంటె రూపాయల అవసరమే హెచ్చుగ నుండవచ్చును. వెనుక ఇచ్చిన అప్పును పండుగ సొమ్మునుండి కోసికొనుట, పగిలిన గాజుపాత్ర వెలను అందులో పట్టుట, పండుగనాడు బంధువుల విందుకు మూడింతల పని చేయించి మామూలునే దాని కూలిగా లెక్కించుట మర్యాద అనిపించుకొనవు. అప్పునకు అప్పు లెక్క, అదనపు పనికి అదనపు కూలి, పండుగకు మామూలు—ఈ మూడును కలియరాదు. చుట్టములయెదుట పిలిచి నోట్లు లెక్కించి ఇచ్చుటయు, కృతజ్ఞతకై ముఖము చూచుటయు పుచ్చుకొనువారిని చిన్నబుచ్చును.

నేడు చెల్లింపు పద్ధతులు మారినవి. 2016లో యు.పి.ఐ. వచ్చినది మొదలు చిల్లరయు, నోట్లును జేబులలో తరుగుచున్నవి. ఫోనునుండి పంపిన సొమ్ము క్షణములో చేరును. కాని అది ఎవరి ఖాతాకు చేరుచున్నదో విచారింపవలెను. కొందరి ఇండ్లలో ఫోను భర్త చేతనో, కుమారుని చేతనో ఉండును. పనిచేసినది ఆమె, సొమ్ము చూడనిదియు ఆమెయే కావచ్చును. నోటు కావలెనా, ఖాతాకు పంపవలెనా అని ఆమెను అడుగుట ఒక్క వాక్యము. దాని ఫలము పెద్దది.

గృహమునకు వెలుపల నుండి వచ్చువారి సంగతి కొంత భిన్నము. వంటగ్యాసు సిలిండరును ఇంటికి చేర్చు ఖర్చు దాని ధరలోనే కలిసియున్నది; కావున రశీదుకు మించి అడుగు హక్కు తెచ్చినవానికి లేదు. కాని 14.2 కిలోల గ్యాసు, దాని ఇనుపతొడుగు కలిసి సుమారు 30 కిలోల బరువును లిఫ్టు లేని ఇంటి మూడవ అంతస్తునకు మోసికొని వచ్చిన మనుష్యునకు అడుగకయే కొంత ఇచ్చుట సౌజన్యము. నిర్బంధమైనది కానిచోటనే సౌజన్యమునకు విలువ. హోటళ్ళయందు బిల్లులో సేవారుసుమును తమంతట తాము చేర్పరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకములు వెలువరించెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించెను. వడ్డించినవానికి మెచ్చి ఇచ్చుటకు ఈ తీర్పు అడ్డు కాదు. బలవంతపు వసూలు వేరు, మెచ్చి ఇచ్చునది వేరు అని మాత్రమే అది చెప్పుచున్నది.

పోస్టుమాను విషయమున ప్రభుత్వోద్యోగులు మరింత జాగరూకులు కావలెను. ఆతడును ప్రభుత్వోద్యోగియే. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమములలో 13వ నియమము కానుకలను గూర్చినది. తాను కార్యాలయమున అంగీకరింపరాని దానిని తన గుమ్మమున మరియొక ఉద్యోగి చేతిలో పెట్టుట న్యాయము కాదు. అయితే ఆ నియమమే అప్పుడప్పుడు జరుగు భోజనమును, సాధారణాతిథ్యమును కానుకగా పరిగణింపదు. ఎండలో వచ్చినవానికి చల్లని మజ్జిగయు, పండుగనాడు ఆకులో పులిహోరయు పెట్టుటకు ఏ నియమమును అడ్డురాదు.

ఇంతవరకు చెప్పినది మామూలును గూర్చి. మామూలు జీతమునకు తోడేగాని బదులు కాదు. నెలజీతమును తక్కువగ నుంచి, పండుగకు ఇచ్చు సొమ్మును చూపి తమను ఉదారులుగా భావించుకొను గృహస్థులు లేకపోలేదు. వారములో ఒకనాటి సెలవు, జ్వరమువచ్చినప్పుడు కోతలేని జీతము, ఏటేట కొంత పెంపు—ఇవి ముందు, మామూలు తరువాత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2007లో ఇంటిపనికి కనీసవేతనములు ప్రకటించెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూనులో గృహకార్మికులకై 189వ ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము దానిని ఇంకను ధ్రువీకరింపలేదు. ఇంటిపనివారి రక్షణకు చట్టమవసరమా అని పరిశీలించుటకు సంఘమును నియమింపవలెనని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వమును ఆదేశించెను. చట్టము అసంపూర్ణముగా నున్నచోట గృహస్థుని న్యాయబుద్ధియే చట్టము కావలసియున్నది.

ఉద్యోగుల కుటుంబములు తరచుగా మరచునది ఒకటి కలదు. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఉద్యోగికి సామాను రవాణా ఖర్చు వచ్చును. దానికితోడు ఏడవ వేతనసంఘము సిఫార్సుల ననుసరించి సాధారణముగా మూలవేతనములో 80 శాతము బదిలీ గ్రాంటును లభించును. పది సంవత్సరములు ఆ ఇంటి బిడ్డల నెత్తుకొని పెంచిన స్త్రీకి ఆనాడు లభించునది సామాను సర్దు పనియు, మిగిలిపోయిన ప్లాస్టికు డబ్బాలును. ఉద్యోగికి స్థలము మారినది. ఆమెకు జీవనమే ఆగినది. ఉత్తర్వు అందిన దినమే ఆమెకు చెప్పుట, పోవునప్పుడు కనీసము ఒక నెల జీతము చేతిలో పెట్టుట, అదే వరుసలో మరియొక ఇంటివారికి ఆమెను పరిచయము చేసి పోవుట—ఈ మూడును ప్రతి బదిలీ కుటుంబమునకు విధులు కావలెను. సెలవుపై రెండునెలలు స్వదేశమునకు పోవువారును ఆ నెలల జీతము ఆపరాదు. వారు తిరిగివచ్చువరకు ఆమె ఆకలికి సెలవు లేదు.

ఈ సంఘము ఏటేట త్యాగరాజోత్సవములు జరుపుచున్నది, ఉగాదికి పంచాంగ శ్రవణము చేయించుచున్నది, పిల్లలకు తెలుగు చదువు చెప్పించుచున్నది. ఈ సభలకు గృహిణులు సకాలమునకు వచ్చి కూర్చుండగలుగుటకు ఇండ్లలో అంట్లు తోముచున్న చేతులు కొన్ని కలవు. ఆ చేతులకు ముట్టవలసినది ముట్టునట్లు చూచుటయు సంస్కృతిలో భాగమే. ప్రతి కుటుంబమును ఈ సంవత్సరము పండుగ జాబితా వ్రాయునపుడు, బట్టల పద్దుకు ముందు, పిండివంటల పద్దుకు ముందు, మొదటి పంక్తిలో పనివారి మామూలును వ్రాసికొనుగాక! కళ్ళములో మేర ముందు కొలిచినట్లు, ఇంటిలోనికి పండుగ రాకమునుపే వారి భాగము వేరుపడుగాక!

స్వస్తి.