తమ్ముని అప్పు, నా సంతకము

(కర్మన్‌ఘాట్ గృహ ప్రార్థన కూటములో చేసిన ప్రసంగము)

నాకిచ్చిన అంశము కుటుంబములో ఋణభారము. జబ్బు చేస్తే పేరు వ్రాసి ప్రార్థన చీటీ ఇస్తాము. ఉద్యోగము కొరకూ ఇస్తాము. అప్పు విషయములో మాత్రము "ఒక కుటుంబ సమస్య" అని వ్రాసి చీటీ మడిచేస్తాము. నేనూ అలాగే వ్రాసినవాడనే.

నా తమ్ముడు వ్యాపారములో దెబ్బతిని, పాడిన చీటీలు, చేబదుళ్లు, ప్రోనోట్లు మా అందరి దగ్గర దాచాడు. ఒక ఆదివారము మేము ఆరాధనకు బయలుదేరుచుండగా అప్పులాయన గేటు ముందర నిలబడి కేకలు వేశాడు. ఇరుగుపొరుగు వింటున్నారని, ఆయన చాపిన కాగితము చదవకుండానే సంతకము చేశాను. తమ్మునిమీది ప్రేమతో చేశానని చాలాకాలము చెప్పుకున్నాను. నిజమునకు సిగ్గుతో చేశాను.

అది పూచీ కాగితము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసుకుంటే తప్ప, జామీను ఉన్నవాని బాధ్యత అప్పు తీసుకున్నవాని బాధ్యతతో సమానము. ముందు తమ్ముని అడిగి, తరువాతనే నన్ను అడగాలన్న నియమము లేదు. అమ్మ గొలుసు అమ్మాను. అది వడ్డీకే సరిపోయింది.

సంతకము చేయకపోయి ఉంటే? అన్న అయినంత మాత్రాన తమ్ముని అప్పు నా మెడకు చుట్టుకోదు. తండ్రి అప్పు మిగిల్చి చనిపోయినా, ఆయన విడిచిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. కుమారుని స్వంత జీతము మీద కాదు. ప్రోనోటు బాకీకి సామాన్యముగా మూడేండ్ల గడువు. ఆ గడువు లోపల బాకీ ఒప్పుకొని సంతకము పెడితే మూడేండ్లు మరల మొదలవుతాయి. ఖాళీ చెక్కు మరీ ప్రమాదము. 1989 ఏప్రిల్ నుండి, బాకీ క్రింద ఇచ్చిన చెక్కు తిరిగివస్తే, నోటీసు అందిన 15 దినములలో చెల్లించనియెడల అది క్రిమినల్ కేసు.

అప్పు ఎగగొట్టుమని నేను చెప్పుట లేదు. ఎవరు తీర్చాలి, ఎంత తీర్చాలి అన్నది కేకల మధ్య తేల్చుకోవద్దంటున్నాను.

ఇప్పుడు గేటు దగ్గరకు రావలసిన పని కూడ లేదు. 2020 చివర మన హైదరాబాదులోనే ఫోను అప్పుల యాప్‌ల వేధింపు బయటపడి పోలీసులు అరెస్టులు చేశారు. పిల్లవాడు అప్పు తీసుకుంటే, వాని ఫోనులో నంబరున్న మేనమామకు, పాస్టరుగారికి సందేశములు! 2022లో రిజర్వు బ్యాంకు, అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా ముట్టరాదని, వసూలు ఏజెంట్లు ఉదయము 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయరాదని ఆదేశించింది. బెదిరిస్తే 1930కి ఫోను చేయండి.

రెండవ రాజుల గ్రంథము నాల్గవ అధ్యాయములోని విధవరాలిని తలంచుకొనండి. అప్పు భర్తది, అప్పులవాడు వచ్చినది ఇద్దరు కుమారుల కొరకు. ఎలీషా ముందుగా ఇంట్లో ఏమున్నదని లెక్క అడిగాడు. ఇంకొక సంగతి నేను చాలా ఏండ్లు గమనించలేదు: ఆమె పొరుగువారి దగ్గర అరువు తెచ్చినది వట్టి పాత్రలు, రూకలు కాదు. పాత అప్పు తీర్చుటకు కొత్త అప్పు చేయలేదు. మేము ఆ పని రెండుసార్లు చేశాము.

చివరకు అందరము కూర్చుని తమ్మునిచేతనే పద్దు వ్రాయించాము. వాడు ఏడ్చాడు; మొత్తము విని అమ్మ మాట్లాడలేదు. తరువాత ఎల్.బి.నగర్‌లోని జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాము. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండా అక్కడ ఉచితముగా వకీలును ఇస్తారు. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో రాజీకి అడుగవచ్చును. కోర్టు ఫీజు లేదు. కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన బలము, దానిపై అప్పీలు లేదు. కాబట్టి నెలకు కట్టగలిగినంతకే ఒప్పుకొనండి. మా కంతు తమ్ముడే కడుతున్నాడు. మేము వానికి అన్నము పెడుతున్నాము. సంతకములు పెట్టుట లేదు.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత నేను వెనుక గదిలో కూర్చుంటాను. మీ కాగితములు తెండి. అసలువి ఇంట ఉంచి నకళ్లు తెస్తే చాలును. తలుపు వేసే ఉంటుంది.