ఊలు ధర, చేతి ధర
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మర్రిగూడలో ఊలు, దారము అమ్మే చిన్న అంగడి నాది. కరోనా దినములలో అల్లిక మనకిచ్చిన సంతోషమును గురించి, ఆ పనికి మనము కట్టవలసిన ధరను గురించి నాలుగు మాటలు చెప్పెదను.

చేతిపని మన ప్రాంతమునకు కొత్త కాదు. గట్టుప్పల, చండూరు, పుట్టపాకలలో మగ్గములున్నవి. పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించినది కూడ ఆ 2020లోనే. అయితే ఊలు అల్లికకు మగ్గము అక్కరలేదు. రెండు సూదులు, ఒక ఊలు ఉండ ఉంటే చాలును.

2020 మార్చి 25న దేశమంతయు మూతపడినది. నా అంగడి కూడ మూతపడినది. కొత్త ఊలు వచ్చే దారి లేదు. అప్పుడు మన స్త్రీలు పెట్టెలలోని పాత స్వెట్టర్లు బయటికి తీసిరి. కుట్లు విప్పి, ఊలును చిలపలుగా చుట్టి, గోరువెచ్చని నీటిలో తడిపి, చిన్న బరువు కట్టి ఆరవేసిరి. వంకరలు పోయి ఊలు తిరిగి పనికి వచ్చినది. కత్తిరించిన గుడ్డ మరల అతకదు. అల్లినదానిని విప్పితే ఊలు మరల ఊలే.

ఆ ఊలుతో పసిపిల్లల కుల్లలు, మేజోళ్లు అల్లిరి. అల్లికలో సందులుండును గనుక మాస్కులు మాత్రము నూలుగుడ్డతోనే కుట్టిరి. దినమంతా మాస్కు పెట్టుకొనేవారికి చెవులు నొప్పి పుట్టెడివి. వారికొరకు జానెడు పట్టీ అల్లి, రెండు కొసలకు రెండు గుండీలు కుట్టిరి. మాస్కు దారములు ఆ గుండీలకు తగిలించి, పట్టీని తల వెనుక ఉంచుకొంటే చెవులకు బాధ ఉండదు. కుట్లు లెక్కపెట్టుచుండగా వార్తల భయము కొంత తగ్గెడిది. పూర్తియైన వస్తువును చేత పట్టుకొన్నప్పుడు, ఆ దినము వ్యర్థము కాలేదను తృప్తి కలిగెడిది.

ఆ సంతోషము నిజమే. కాని సంతోషముగా చేసిన పని ఉచితమైన పని కాదు. అంగడి తిరిగి తెరచినప్పుడు ఈ సంగతి ముందుకు వచ్చినది. ఒక లెక్క చూడుడి. చిన్నపిల్ల స్వెట్టరుకు 50 గ్రాముల ఉండలు నాలుగు పట్టినవనుకొందము. ఉండ 50 రూపాయలైతే ఊలుకే 200. అల్లుటకు 20 గంటలు. "ఇంట్లో ఖాళీగా కూర్చుండి అల్లినదే కదా, 350 ఇస్తాము" అని కొనువారు అందురు. ఊలు ధర పోగా 150 మిగులును. అనగా గంటకు ఏడున్నర రూపాయలు! గంటకు 40 రూపాయలు కట్టినను ఆ స్వెట్టరు ధర 1000 కావలెను.

ఈ మాట మన ఊరిది మాత్రమే కాదు. పశ్చిమ గోదావరిలోని నరసాపురము లేసు అల్లికకు ప్రసిద్ధి. 1844లో స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే దంపతులు అక్కడి స్త్రీలకు ఈ పని నేర్పిరని చెప్పుదురు. ఆ లేసు సముద్రములు దాటి అమ్ముడుపోయినది. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ స్త్రీలను గురించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ప్రపంచ బజారుకు సరుకు తయారుచేయుచున్నను వారిని కేవలము గృహిణులనియు, వారి పనిని తీరిక వేళ పని అనియు పిలుచుటవలన కూలి మిక్కిలి తక్కువగా నిలిచినదని ఆమె చూపినది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. సరుకుకు పేరు రావడము మంచిదే. అల్లిన చేతికి కూలి కూడ రావలెను.

నా అంగడిలో ఇప్పుడు ప్రతి అల్లిక వస్తువుకు ఒక చీటీ కట్టుచున్నాను. ఎన్ని గ్రాముల ఊలు, ఎన్ని గంటల పని అని దానిలో వ్రాసి ఉండును. చీటీ చదివి కొందరు కొనక వెళ్లుదురు. కొందరు బేరమాడక కొందురు. అల్లిన స్త్రీ కూడ తన గంటలను మొదటిసారి అంకెలలో చూచుకొనుచున్నది.

కనుక అక్కలారా, మన సంఘము అమ్మకములలో కూడ ఈ చీటీ పద్ధతి పెట్టుదము. కానుకగా ఇచ్చునది కానుకగానే ఇత్తము, సంతోషముగా ఇత్తము. అమ్మునప్పుడు మాత్రము చేతి ధర కలిపి చెప్పుదము. కొనునప్పుడు అదే ధర చెల్లింతము.