మంచుకొండపై తొందరపాటు తగదు
(సంఘ సమావేశమున యువజనులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన చంద్రపూర్ ఎండలకు పేరుపడిన ఊరు. ఇచట మంచుకొండల ప్రసక్తి యేలయని కొందరడుగవచ్చును. 2018 మే నెలలో మన జిల్లా ఆశ్రమ పాఠశాలల గిరిజన విద్యార్థులు ఐదుగురు ఎవరెస్టు శిఖరము నెక్కిరి. అంతకు నాలుగేండ్ల ముందే నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ తన 13వ యేట ఆ శిఖరమును చేరినది. వారిని చూచి మన బిడ్డలును హిమాలయములకు పోవలెననియు, గుల్‌మార్గులో స్కీయింగు నేర్వవలెననియు ఉత్సాహపడుచున్నారు. మాకును సంతోషమే. అయితే ఉత్సాహమునకు ఎరుక తోడు కావలెను.

2022 అక్టోబరు 4న ఉత్తరకాశి ప్రాంతమున ద్రౌపదీ కా డాండా కొండపై శిక్షణలోనున్న జట్టుమీద మంచుచరియ విరిగిపడి 29 మంది అసువులు బాసిరి. 2023 ఫిబ్రవరి 1న గుల్‌మార్గు కొండపై స్కీయింగు చేయుచున్న పోలెండు దేశీయులు ఇద్దరు అట్లే మరణించిరి.

కొండమీది మంచు ఒకే ముద్ద కాదు. కురిసిన కొలది పొరలుగా పేరుకొనును. నడుమ నొక పొర పంచదారవలె పొడిపొడిగా నుండి, దానిపై గట్టి పలక యేర్పడినచో ముప్పు పొంచియున్నదన్నమాట. ఏటవాలు బల్లపై ఆవాలు చల్లి, వానిపై బియ్యపు బస్తా నుంచినట్లు! బస్తా నిలిచియున్నట్లే కనబడును. కొంచెము కదలించిన జారిపోవును. 30 మొదలు 45 డిగ్రీల వాలులందు ఈ భయము మిక్కిలి. మనుషులను బలిగొన్న చరియలలో పెక్కింటిని కదలించినది ఆ మనుషులో, వారి జట్టువారో యగుట గమనింపదగినది.

గని కార్మికుల కుటుంబములకు ఇది వింత కాదు. భూగర్భ గనిలో పైకప్పును కర్రతో తట్టి చూతురు. బోలుగా మ్రోగినచో పొర విడినదని గ్రహింతురు. మంచునందును గోతి త్రవ్వి, 30 సెంటీమీటర్ల చదరపు స్తంభమును చెక్కి, పైన పార నుంచి, మణికట్టు కదలికతో 10, మోచేతితో 10, భుజముతో 10 దెబ్బలు వేయుదురు. కొద్ది దెబ్బలకే పొర జారినచో ఆ వాలు జోలికి పోరాదు. జారకున్నను కొండ యంతయు క్షేమమని తలపరాదు. ఒకచోటి పొరలు మరియొకచోట నుండవు.

దాపున క్రొత్తగా చరియ పడియుండుట, పాదముక్రింద ధుమ్మను శబ్దము, మంచుపై పగుళ్లు ప్రాకుట, అధికముగా క్రొత్త మంచు కురియుట, గాలి మంచును తెచ్చి పోయుట, ఆకస్మికముగా వేడి పెరుగుట — ఇవి హెచ్చరికలు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన కేంద్రము వెలువరించు సూచనలను ముందుగా చూడవలెను. అనుమానపు వాలును ఒక్కొక్కరుగా దాటవలెను. కూరుకుపోయిన వానిని తొలి పది పదిహేను నిమిషములలో వెలికితీసిననే ఆశ యెక్కువ. కావున సంకేత యంత్రము, వెదకు కడ్డీ, పార ప్రతివాని యొద్ద నుండవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. శిఖరమునకు నూరడుగుల దూరమున వెనుదిరిగిన బిడ్డను పిరికివాడనకుడు. వర్తకమున అసలు నిలిచిన, లాభము మరుయేట రావచ్చును. దారిఖర్చు లిచ్చునపుడే, “ఏ గుర్తు కనబడిన వెనుదిరిగెదవు?” అని యడుగుడు. బదులు చెప్పగలిగిన బిడ్డను ఆశీర్వదించి పంపుడు.