మూత్రపిండముల సేవ – మన బాధ్యత

రక్తములోని మాలిన్యములను తొలగించునవి మూత్రపిండములు. ఒక్కొక్క దానియందు సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములు గలవు. అవి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, పనికివచ్చుదానిని రక్తమునకు మరల అప్పగించి, ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రముగా వెడలించును.

వేసవిలో మన నూజివీడు మామిడి తోటలలో కాయ కోయు కూలీల ఒంటి నీరు చెమటగా పోవును, మూత్రము చిక్కబడును. దాహమునోర్చి పనిచేయుట మూత్రపిండములకు భారము. అవి చాలవరకు చెడువరకు బాధయే తెలియదు. సమీపమందలి ఎ. కొండూరు మండలపు తండాలలో ఈ వ్యాధి ఎన్నో కుటుంబములను కుంగదీసినది.

కనుక ప్రతి తోటలో నీడయు, మంచినీటి కుండయు ఉండునట్లు చూడుడు. గ్రామపు త్రాగునీటిని పరీక్ష చేయింపుడు. వైద్యుని అడుగక నొప్పి బిళ్లలు మ్రింగవద్దని చెప్పుడు. మధుమేహము, రక్తపుపోటు గలవారిని ఏటేట రక్త, మూత్ర పరీక్షలకు పంపుడు.